వెనక టైర్లు తిరిగిపోతుంటే గట్టి స్ప్రింగులు కాదు, మొదట టైర్లూ బుష్‌లూ చూడు

తమ్ముడూ, నీ మెసేజ్ మొత్తం చదివాను. 2014 బీఎండబ్ల్యూ ఎఫ్30 328ఐ, 92 వేల కిలోమీటర్లు తిరిగింది, ఈమధ్యే స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయించావు, అప్పట్నుంచి రెండో గేర్లో గట్టిగా తొక్కితే వెనక టైర్లు తిరిగిపోతున్నాయి, ఒక్కోసారి వెనక నుంచి తడతడతడ అని కొట్టుకున్నట్టు శబ్దం కూడా వస్తోంది, వాన పడితే కాడుబీసనహళ్లి సిగ్నల్ దగ్గర బయల్దేరాలంటేనే భయమేస్తోంది అన్నావు. దీనికోసం 40 మిల్లీమీటర్లు దించే కాయిలోవర్లు (ఎత్తు సర్దుకునే స్ప్రింగు, షాక్ సెట్టు), వెనక లావుపాటి యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ), మొత్తం పాలీ బుష్‌ల కిట్టు (సస్పెన్షన్ కీళ్లలో రబ్బరు బదులు వేసే గట్టి పాలీయురేథేన్ ముక్కలు), మూడూ కలిపి లక్షన్నరలో అవగొట్టేద్దాం అనుకుంటున్నావు. పోలో ఉన్న నీ ఫ్రెండు వెనక బార్ వేయించుకుని కారు రోడ్డుకి అతుక్కుపోయింది అన్నాడని కూడా రాశావు.

ఆ మూడింటికీ ఇంకా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇవ్వొద్దు. మొదటి రెండూ నీ కారుకి గ్రిప్ పెంచకపోగా తగ్గిస్తాయి, మూడోది కొన్నిచోట్ల పనికొస్తుంది, కొన్నిచోట్ల చెడగొడుతుంది. ఎందుకో కాస్త పొడుగ్గానే చెప్తాను, ఎందుకంటే బెంగళూరులో ఇదే లిస్టు పట్టుకుని డబ్బులు పోసి, ఆ తర్వాత ముందుకన్నా ఎక్కువ జారుతోందేంటి అని అడిగేవాళ్లని చాలామందిని చూశాను.

ముందు మీ ఫ్రెండు సంగతి. అతను అబద్ధం చెప్పలేదు. కానీ పోలో ముందు చక్రాలతో లాగే బండి. దానికి వెనక బార్ గట్టిగా వేస్తే మలుపులో ఒరిగే బరువుని వెనక టైర్లు ఎక్కువ మోస్తాయి, అప్పుడు ముందు లోపలి చక్రం మీద బరువు మిగులుతుంది, ఆ చక్రమే లాగేది కాబట్టి అతనికి గ్రిప్ పెరిగింది. నీది వెనక చక్రాలతో తోసే బండి, లెక్క మొత్తం తిరగబడుద్ది. మలుపులో పక్కకి పోయే బరువు మొత్తం మీద ఎంత అన్నది ఏ బార్ వేసినా మారదు, అది ముందు ఎంత వెనక ఎంత అన్న పంపకమే బార్‌తో మారుతుంది. నువ్వు వెనక గట్టి చేశావనుకో, వెనక లోపలి టైరు తేలికైపోద్ది. నీ కారులో ఉన్నది మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, పొట్టిగా డిఫ్), అది రెండు చక్రాలకీ సమానంగానే టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది, తేలికైన చక్రం ఎంత పట్టగలదో బయటి చక్రానికి కూడా అంతే వెళ్తుంది. లోపలిది గిర్రున తిరుగుద్ది, బయటిది ఊరికే దొర్లుద్ది. యూటర్న్ తీసుకుంటూ తొక్కినప్పుడు నీకు ఇప్పుడే అలా అవుతుంటే, లావు బార్ వేశాక రోజూ అవుద్ది. నిజంగా బార్ మార్చాలని ఉంటే ముందు బార్ కొంచెం గట్టిది వేసి వెనకది కంపెనీదే ఉంచు. అది కూడా ఇప్పుడు కాదు.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం, విసుక్కోకు, ఇది అర్థమైతే మిగతాదంతా నీకే తెలిసిపోద్ది. నీ కారు నీతో కలిపి సుమారు 1600 కిలోలు అనుకుందాం, సగం ముందు సగం వెనక, అంటే ఆగి ఉన్నప్పుడు వెనక 800. వీల్‌బేస్ 2.81 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. 0.6 జీ త్వరణంతో (భూమి ఆకర్షణలో 0.6 వంతు) ముందుకి దూకితే వెనక్కి వచ్చే బరువు 170 కిలోల దగ్గర. వెనక మొత్తం 970. మంచి టైరు ఎండిన తారు మీద తన మీదున్న బరువంత తోయగలదు (పట్టు 1 అన్నమాట), అంటే 970 కిలోల బలం దాకా నీ వెనక టైర్లు పట్టుకుంటాయి. ఇంజిన్ వైపు నుంచి చూస్తే కంపెనీ ఇచ్చింది 350 న్యూటన్ మీటర్లు, రెండో గేరు 3.14, ఫైనల్ డ్రైవ్ సుమారు 3, మధ్యలో పోయేది పోగా టైరు దగ్గర 920 కిలోల తోపు. చూశావా, కంపెనీ నుంచి వచ్చినప్పుడే రెండో గేర్లో అంచు మీద ఉంది. రీమ్యాప్‌తో 440 అయిందనుకో, తోపు 1150 దాటుతుంది. టైరు పట్టేది అదే 970. వానలో టైరు పట్టు 0.6కి పడిపోతే వెనక పట్టేది మొత్తం 540 దగ్గరే, అప్పుడు రీమ్యాప్ లేకపోయినా జారుద్ది.

ఈ లెక్కలో స్ప్రింగ్ ఎంత గట్టిది అన్న మాట ఎక్కడా రాలేదు, గమనించావా? వెనక్కి వచ్చే బరువు మూడింటి మీదే ఆధారపడుతుంది, ఎంత గట్టిగా దూకావు, బరువు కేంద్రం ఎంత ఎత్తులో ఉంది, వీల్‌బేస్ ఎంత. కారు వెనక బాగా కూర్చుంటే బరువు ఎక్కువ వచ్చిందని, కూర్చోకపోతే రాలేదని చాలామంది అనుకుంటారు, అది తప్పు. మెత్తటి స్ప్రింగు ఎక్కువ కుంగుతుంది, గట్టిది తక్కువ కుంగుతుంది, వచ్చే బరువు అదే. పైగా 40 మిల్లీమీటర్లు దించితే బరువు కేంద్రం దిగి, వెనక్కి వచ్చే బరువు ఓ 14 కిలోలు తగ్గుద్ది. అదే టైరు పట్టు 0.9 నుంచి 1కి పెరిగితే వెనక తోపు 110 కిలోలు పెరుగుద్ది. లక్ష రూపాయల కాయిలోవర్ ఆ 14 కిలోలు తగ్గిస్తుంది, మంచి టైరు ఈ 110 కిలోలు ఇస్తుంది.

మరి సస్పెన్షన్‌కి ఏ పనీ లేదా అంటే చాలా ఉంది. నేను చెప్పిన 970 కిలోలు టైరు నేలని ఒకే రకంగా నొక్కుతూ ఉంటేనే. మన రోడ్డు మీద అది జరగదు. మెట్రో పనుల మట్టి, అతుకులు వేసిన తారు, ఫ్లైఓవర్ జాయింట్లు, వైట్ టాపింగ్ సిమెంటు రోడ్డు అయిపోయి తారు మొదలయ్యే చోట ఉండే గట్టు, వీటన్నిటి మీద టైరు మీద బరువు క్షణక్షణం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. తగ్గిన క్షణంలో టైరు జారుద్ది, ఒకసారి జారడం మొదలైతే తిరిగి పట్టుకోవడం కష్టం. సస్పెన్షన్ చేయాల్సిన పని ఈ హెచ్చుతగ్గుల్ని చిన్నవి చేయడం, చక్రాన్ని దాని కోణంలో నిలబెట్టడం. గట్టితనం వేరు, అదుపు వేరు. నీకు కావాల్సింది అదుపు.

ఆ తడతడ శబ్దం దగ్గరికి వద్దాం, నీ మెసేజ్‌లో నాకు ముఖ్యంగా అనిపించింది అదే. దాన్ని వీల్ హాప్ అంటారు. ఇంట్లో బరువైన బీరువాని గచ్చు మీద తోస్తే కదిలి ఆగి కదిలి ఆగి గడగడలాడుతుంది చూడు, సరిగ్గా అదే. టైరు నేలని పట్టుకుంటుంది, ఇంజిన్ తోపుకి రబ్బరు బుష్‌లన్నీ మెలితిరిగి బిగుసుకుంటాయి, పట్టు తెగ్గానే ఒక్కసారి వదులుకుని వెనక్కి కొడతాయి, మళ్లీ టైరు పట్టుకుంటుంది. సెకనుకి చాలాసార్లు. ఆ దెబ్బలన్నీ డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లకీ, డిఫ్ మౌంట్లకీ, సబ్‌ఫ్రేమ్ బోల్టులకీ తగుల్తాయి. అందుకే ఇవాళ్టి నుంచి ఆ శబ్దం మొదలైన క్షణంలో కాలు తీసెయ్, సరదాగా ఉందని పట్టుకుని ఉండొద్దు, షాఫ్ట్ విరిగితే ఖర్చు నీ బడ్జెట్ మొత్తం తినేస్తుంది.

ఎఫ్30లో వెనక ప్రతి చక్రానికీ ఐదు లింకులు. ఆ లింకులన్నీ ఒక సబ్‌ఫ్రేమ్‌కి ఉంటాయి, ఆ సబ్‌ఫ్రేమ్ నాలుగు పెద్ద రబ్బరు బుష్‌ల మీద బాడీకి వేలాడుతూ ఉంటుంది. సౌకర్యం కోసం ఆ బుష్‌ల లోపల ఖాళీలు వదులుతారు. 92 వేల కిలోమీటర్లు మన స్పీడ్ బ్రేకర్ల మీద తిరిగాక ఆ రబ్బరు పగిలి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు నువ్వు తొక్కగానే సబ్‌ఫ్రేమ్ మొత్తం కదులుద్ది, దాంతోపాటు చక్రాల టో కోణం (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోద్ది, డిఫరెన్షియల్ ముక్కు పైకి లేస్తుంది. ఎక్కువ పవరున్న ఎం3 ఎఫ్80లో బీఎండబ్ల్యూ వాళ్లే ఈ రబ్బరు తీసేసి సబ్‌ఫ్రేమ్‌ని నేరుగా బాడీకి బిగించేశారు, అంటే పవర్ పెరిగితే ఈ చోటు ఎంత ముఖ్యమో వాళ్ల పనే చెప్తోంది.

చూసుకోవడం ఎలా అంటే, ముందు కూర్చునే తెలుసుకోవచ్చు. బ్రేక్ మీద కాలు పెట్టి రివర్స్ నుంచి డి, డి నుంచి రివర్స్ మార్చు, వెనక నుంచి ధబ్ అని తగిలితే అనుమానించాల్సిందే. తర్వాత లిఫ్ట్ మీద ఎక్కించి టామీ రాడ్ పెట్టి సబ్‌ఫ్రేమ్ బుష్, డిఫ్ మౌంట్ బుష్, కింది ఆర్మ్ బుష్, టో లింకు బుష్ ఒక్కొక్కటీ కదిపి చూడమను. పైపైన టార్చ్ వేసి చూసి బానే ఉన్నాయి సార్ అంటే ఒప్పుకోవద్దు, రబ్బరు చీలిక బరువు పడ్డప్పుడే తెరుచుకుంటుంది.

సబ్‌ఫ్రేమ్ బుష్‌లు పగల్లేదు, ఊరికే మెత్తగా ఉన్నాయి అంటే ఆ ఖాళీల్లో దూర్చే పాలీయురేథేన్ ఇన్సర్ట్‌లు దొరుకుతాయి. బుష్ ఊడదీసి ప్రెస్ కొట్టే పని లేదు, ఖర్చు తక్కువ, నీకున్న లక్షణాలకి రూపాయికి రూపాయి పని ఇచ్చేది ఇదే. పగిలిపోతే మాత్రం కొత్త ఒరిజినల్ బుష్‌లు వేసి, వాటిల్లో ఇన్సర్ట్ పెట్టించు. అల్యూమినియం ముక్కలు వేయమని ఎవరైనా అంటే వద్దు, డిఫరెన్షియల్ ఊళ మొత్తం క్యాబిన్లోకి వస్తుంది, ఇంట్లోవాళ్లు ఆ కారెక్కరు. ట్రాక్ కారుకి అది వేరే సంగతి.

మొత్తం పాలీ కిట్టు ఎందుకు వద్దన్నానో ఇక్కడే చెప్తాను. సబ్‌ఫ్రేమ్, డిఫ్ మౌంట్ లాంటి చోట బుష్ ఊరికే పట్టుకుని ఉంటే చాలు, అక్కడ పాలీ బాగుంటుంది. కానీ ఐదు లింకుల చివర్లలో బుష్ ఒకే దిక్కులో తిరగదు, చక్రం పైకి లేచేటప్పుడు కాస్త వంగాలి, మెలితిరగాలి. రబ్బరు అది ఒప్పుకుంటుంది, పాలీ ఒప్పుకోదు, బిగుసుకుపోద్ది. అప్పుడు చిన్న గతుకు మీద కూడా చక్రం స్వేచ్ఛగా లేవక టైరు ఎగిరిపడుద్ది, గ్రిప్ కోసం వేసిన పార్టే గ్రిప్ తినేస్తుంది. పైగా గ్రీజు ఎండిపోయాక కీచుకీచుమంటుంది, దానికి సిలికాన్ గ్రీజే వాడాలి, మామూలు గ్యారేజీ గ్రీజు కాదు. లింకులకి మంచి కంపెనీ రబ్బరు బుష్‌లే వేయించు.

ఇంకోటి, ఇది దయచేసి మెకానిక్ దగ్గర నిలబడి మరీ చూసుకో. రబ్బరు బుష్ మధ్యలో ఉండే ఇనప గొట్టం బోల్టు బిగించగానే అక్కడే కదలకుండా అతుక్కుపోద్ది, ఆ తర్వాత కదలికంతా రబ్బరు మెలితిరగడమే. కారు లిఫ్ట్ మీద, చక్రాలు కిందకి వేలాడుతున్నప్పుడు ఫైనల్‌గా బిగించేస్తే, కారు నేల మీదకి దిగ్గానే ఆ రబ్బరు ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతుంది. కొత్త బుష్‌లు ఏడాది తిరక్కుండానే చిరిగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, పార్టు డూప్లికేట్ అని తిట్టుకుంటాం. అన్ని బోల్టులూ వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీద పడేలా చేసి, లేదా జాకీతో హబ్‌ని మామూలు ఎత్తుకి లేపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి. ఎయిర్ గన్‌తో గర్రున తిప్పేసి అయిపోయింది సార్ అనే చోట ఈ పని పెట్టించకు. జేసీ రోడ్డులో పార్టు దొరకడం కష్టం కాదు, దాన్ని ఓపిగ్గా బిగించే మనిషి దొరకడమే కష్టం. శివాజీనగర్ గుజరీలో సెకండ్ హ్యాండ్ ఆర్మ్‌లు చవగ్గా వస్తాయి అంటారు, గుద్దుకున్న కారు నుంచి తీసిన ఆర్మ్ కంటికి కనపడనంత వంకర ఉన్నా అలైన్‌మెంట్ కుదరదు, వెనక లింకులు మాత్రం అక్కడ కొనొద్దు.

తర్వాత డ్యాంపర్లు, అంటే షాక్ అబ్జార్బర్లు. షాక్స్ ఎప్పుడైనా మార్చావా రాయలేదు, మార్చకపోతే 92 వేలకి అవి అలిసిపోయి ఉంటాయి. చేత్తో డిక్కీ నొక్కి చూసే పరీక్ష ఈ కార్లకి పెద్దగా పనికిరాదు, పూర్తిగా చచ్చిపోతే తప్ప తెలీదు. ఆయిల్ తడి ఉందా, టైరు మీద చెయ్యి తిప్పితే అక్కడక్కడా గిన్నెల్లాగా లోతుగా అరిగిందా, ఫ్లైఓవర్ జాయింట్ దాటాక వెనక భాగం ఒక ఊపుతో ఆగుతోందా రెండు మూడు ఊగుతోందా, ఇవి చూడు. అలిసిన డ్యాంపర్ ఉంటే గతుకు తర్వాత టైరు నేల మీద చిన్నగా గెంతుతూ ఉంటుంది, ఆ గెంతులో నువ్వు తొక్కితే జారుద్ది, అప్పుడు డీఎస్‌సీ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) వచ్చి పవర్ కోసేస్తుంది. కారుకి పవర్ లేదు అనిపించడానికి కూడా ఇదొక కారణం. ఎత్తు తగ్గించకుండా కంపెనీ స్ప్రింగులతోనే వేసుకోవాలంటే బిల్‌స్టైన్ బీ6 సరిపోతుంది, బీ8 అనేది దించిన స్ప్రింగుల కోసం చేసింది, రెండూ కలిపేయకు. సౌకర్యమే ముఖ్యం అనుకుంటే కంపెనీ రకం డ్యాంపరే కొత్తది వేసినా నీకు తేడా బాగా తెలుస్తుంది. నాలుగూ ఒకేసారి మార్చు, పైన మౌంట్లు, బంప్ స్టాప్‌లు (సస్పెన్షన్ పూర్తిగా కుంగినప్పుడు ఆపే రబ్బరు దిమ్మలు) కూడా కొత్తవి.

బంప్ స్టాప్ అన్నాను కాబట్టి కారు దించడం గురించి ఇంకొంచెం. గట్టిగా దూకినప్పుడు వెనక రెండు మూడు సెంటీమీటర్లు కూర్చోవచ్చు. నువ్వు ముందే నాలుగు సెంటీమీటర్లు దించేశావు, వెనక ఇద్దరు మనుషులు, డిక్కీలో సామాను, ఇక మిగిలిన ప్రయాణం ఎంత? సస్పెన్షన్ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది, ఆ క్షణంలో స్ప్రింగు గట్టితనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుద్ది, చిన్న గులకరాయి తగిలినా టైరు ఎగురుద్ది. దానికి తోడు దించితే వెనక క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) పెరుగుద్ది, కంపెనీలో సుమారు మైనస్ ఒకటిన్నర డిగ్రీ ఉండేది రెండున్నర దాటొచ్చు, తిన్నగా తొక్కినప్పుడు టైరు లోపలి అంచు మీదే బరువంతా, అంచు అరిగి తీగలు బయటపడేదాకా నీకు కనపడదు కూడా. అందం కోసం దించుకో, నేను కాదనను, కానీ గ్రిప్ కోసం అని మాత్రం దించొద్దు. మారతహళ్లి సర్వీస్ రోడ్డు బ్రేకర్ల సంగతి నీకు నేను చెప్పాలా.

ఇక టైర్లు. సస్పెన్షన్ అడిగితే టైర్లంటాడేంటి అనుకోకు, సస్పెన్షన్ మొత్తం పనిచేసేది ఆ నాలుగు అరచేతులంత జాగా కోసమే. నీ కారు మీద 225 మిల్లీమీటర్ల వెడల్పు రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు) ఉన్నాయన్నావు, ఎప్పటివో రాయలేదు. టైరు పక్కన అచ్చులో చివర నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ ఎంత ఉన్నా ఐదారేళ్లు దాటితే మన ఎండకి రబ్బరు గట్టిపడిపోద్ది, పొడి రోడ్డు మీద అంత తెలీదు కానీ తడిలో సబ్బులాగా జారుద్ది. రన్‌ఫ్లాట్ పక్క గోడలు గట్టివి, బరువు కూడా ఎక్కువ, గతుకు మీద సరిగా ఒదగదు. పైలట్ స్పోర్ట్ 4 లాంటి మామూలు టైరుకి మారితే రైడూ గ్రిప్పూ రెండూ ఒకేసారి బాగుపడతాయి. పంక్చర్ అయితే ఆగకుండా ఇంటికి రావడం కుదరదు కాబట్టి డిక్కీలో స్పేర్ చూసుకో, లేదంటే పంక్చర్ కిట్టూ చిన్న కంప్రెసరూ పెట్టుకో. 18 అంగుళాలైతే బీఎండబ్ల్యూ వాళ్లే ఈ కారుకి ముందు 225/45, వెనక 255/40 ఇచ్చారు, వెనకకి ఎనిమిదిన్నర అంగుళాల రిమ్ము కావాలి. రెండు టైర్ల ఎత్తూ దాదాపు సమానం, కాబట్టి ఏబీఎస్, డీఎస్‌సీకి ఇబ్బంది ఉండదు. వెడల్పు టైరు నిలబడ్డ నీళ్లలో కాస్త ముందే తేలుద్ది, అది గుర్తుపెట్టుకో, ట్రెడ్ 3 మిల్లీమీటర్లకి రాగానే వర్షాకాలం ముందు మార్చెయ్.

గాలి ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడే చూడు, డ్రైవర్ డోర్ పిల్లర్ మీద రాసినంత పెట్టు. గ్రిప్ కోసం బాగా తగ్గించేసే అలవాటు డ్రాగ్ రేసు వాళ్లది, వాళ్ల టైరు వేరు. రోడ్డు మీద రెండు పీఎస్ఐ అటూఇటూ చేసి చూడొచ్చు, అంతకన్నా వద్దు. ఇంకో మాట, ఏప్రిల్, మేలో మన దగ్గర పడే మొదటి వానకి రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ కలిసి పైకి తేలతాయి, ఆ మొదటి అరగంటలో ఏ టైరూ ఏ సస్పెన్షనూ కాపాడదు, నెమ్మదిగా పో.

నీ రీమ్యాప్ చేసినవాళ్లని ఒక పని అడుగు, డబ్బులు కూడా పెద్దగా కావు. మొదటి రెండు గేర్లలో టార్క్ తగ్గించి మూడో గేరు నుంచి పూర్తిగా ఇవ్వమను. పైన వేసిన లెక్క ప్రకారం మొదటి రెండు గేర్లలో నువ్వు కొనుక్కున్న అదనపు టార్క్ మొత్తం పొగై పోతోంది, అది తగ్గిస్తే కారు నిజానికి త్వరగా కదులుద్ది. డీఎస్‌సీ బటన్ ఒకసారి నొక్కితే డీటీసీ అనే మోడ్ వస్తుంది, కాస్త జారనిచ్చి పట్టుకుంటుంది, మట్టిలోనో గుట్ట ఎక్కేటప్పుడో పనికొస్తుంది. ఎక్కువసేపు పట్టుకుని మొత్తం ఆపేయడం మాత్రం పబ్లిక్ రోడ్డు మీద చేయొద్దు.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా రెండో దానికీ బలం పంపే డిఫ్) గురించి నువ్వు అడగలేదు కానీ చివరికి అందరూ అక్కడికే వస్తారు. రెండు చక్రాలూ కలిసి తిరిగిపోతుంటే దానివల్ల తిన్నగా దూకడంలో పెద్ద లాభం లేదు, ఒకటే తిరుగుతుంటే చాలా లాభం. నీ కేసు ఏదో తెలుసుకోవాలంటే ఖాళీ ప్రైవేటు స్థలంలో ఒకసారి తొక్కి వెనక్కి వెళ్లి చూడు, నేల మీద రెండు గీతలున్నాయా ఒకటే ఉందా. క్వైఫ్ లాంటి గేర్ల రకం రోజువారీ కారుకి నయం, శబ్దం ఉండదు, ప్లేట్లు అరిగే గొడవ లేదు, కాకపోతే ఒక చక్రం పూర్తిగా గాల్లోకి లేస్తే అది ఏమీ చేయలేదు. క్లచ్ ప్లేట్ల రకం అప్పుడు కూడా పనిచేస్తుంది, దానికి ప్రత్యేకం ఆయిల్ కావాలి, ఎప్పటికప్పుడు మార్చాలి. ఈ తరం డిఫ్‌లు చాలావాటిల్లో క్రౌన్ వీల్ (లోపలి పెద్ద గేరు) బోల్టులతో కాకుండా వెల్డింగ్‌తో ఉంటుంది, అది కోసి మళ్లీ కుదర్చడం మామూలు గ్యారేజీ పని కాదు. ఇప్పుడే వద్దు.

అమెరికా వీడియోలు చూస్తున్నావు కదా, లోయర్ కంట్రోల్ ఆర్మ్ మార్చండి, బ్రాకెట్ వేసి ఆర్మ్ కోణం మార్చండి అని. వాళ్లు చెప్పేది సరైనదే, కానీ 2014 దాకా వచ్చిన మస్టాంగ్‌లలో మామూలుగా ఉండేది వెనక ఒకే గట్టి యాక్సిల్, అక్కడ ఆర్మ్ కోణం మారిస్తే తొక్కినప్పుడు టైర్లని నేలకి నొక్కే తీరే మారిపోద్ది. 2015 మోడల్ నుంచి దానికీ ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది, మన దేశంలో 2016 నుంచి అమ్మింది అదే, దాని మీద పనిచేసేవాళ్లు కూడా ఇప్పుడు సబ్‌ఫ్రేమ్ బుష్‌ల గురించే మాట్లాడతారు. అదే అంబాసిడర్‌లో పెద్ద ఇంజిన్ వేసుకున్న మనిషి అడిగితే నేను చెప్పేది వేరే, అక్కడ యాక్సిల్ మెలితిరిగి కమాన్ కట్టలు ఎస్ ఆకారంలో వంగుతాయి, దానికి ట్రాక్షన్ బార్ మందు. కారు వెనక ఏముందో చూడకుండా పార్టు కొనకూడదు, పోలో సంగతైనా మస్టాంగ్ సంగతైనా అంతే.

నీ లక్షన్నర నేనైతే ఇలా పెడతాను. ముందు తనిఖీ, పగిలిన బుష్‌లు, సబ్‌ఫ్రేమ్ ఇన్సర్ట్‌లు. నాలుగు మంచి టైర్లు, దానికే సగం పైన పోవచ్చు, పోనీ. మిగిలితే డ్యాంపర్లు, మిగలకపోతే రెండు నెలలు ఆగి డ్యాంపర్లు. ఏం మార్చినా చివర్లో నాలుగు చక్రాల అలైన్‌మెంట్, వెనక టో, క్యాంబర్ రెండూ సర్దే ఏర్పాటు నీ కారులో ఉంది, ముందు మాత్రమే చేసి పంపించే చోటికి వెళ్లొద్దు. వెనక కొంచెం టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) ఉండాలి, టో అవుట్ (బయటికి తిరగడం) వస్తే తడి రోడ్డు మీద లేన్ మారేటప్పుడు వెనక భాగం పక్కకి ఈడ్చేస్తుంది, ప్రాణం మీదకి వస్తుంది. డిక్కీలో మామూలుగా ఎంత సామాను ఉంటుందో అంతే ఉంచి, ట్యాంకు సగం పైన నింపి చేయించు.

ఒకేసారి అన్నీ మార్చకుండా ఒక్కొక్కటి మార్చి వారం నడిపి చూడమని నా సలహా, లేకపోతే ఏది పని చేసిందో తెలీదు. పూర్తిగా తొక్కి చూడాలని ఉంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద కాదు, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డే పెట్టినప్పుడు వెళ్లు. ఇన్సూరెన్స్ వాళ్లకి రీమ్యాప్ సంగతి చెప్పావా? మోటార్ వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడాన్ని ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. బుష్‌లు, డ్యాంపర్లు, కంపెనీ ఇచ్చిన సైజు టైర్లు మార్చుకోవడం మరమ్మతు కిందకే వస్తుంది, వాటితో గొడవ లేదు, రీమ్యాప్‌ది మాత్రం నువ్వు ఆలోచించుకోవాల్సిందే.

తనిఖీ అయ్యాక సబ్‌ఫ్రేమ్ బుష్‌ల ఫోటోలు, టైరు మీద ఆ నాలుగంకెలు, ఇప్పుడున్న అలైన్‌మెంట్ షీటు, రిమ్ము వెడల్పు, ఇవి పెట్టు తమ్ముడూ. రిమ్ము వెడల్పు తెలిస్తే 255 వేయొచ్చో లేక నాలుగూ 225 మీదే ఉండాలో అప్పుడు చెప్తాను.